కడుపునొప్పి తాళలేక

తొంభైల చివర్లో నేను మండల రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. మాది గోదావరి జిల్లా. ఉద్యోగం ఇక్కడ వచ్చింది కాబట్టి వచ్చాను, కొండాపూర్‌లో ఒక గది అద్దెకు దొరికితే ఉన్నాను. అప్పటికి కొండాపూర్ సగం ఊరు, మిగతా సగం ఏమవుతోందో ఎవరికీ తెలియదు. మాదాపూర్ వైపు అద్దాల భవనం లేస్తోంది. మధ్యాహ్నం పూట బండలు పేలుస్తుంటే మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. మా ఆఫీసులో రోజంతా భూముల గొడవే. మనుషుల గొడవ మా దాకా తక్కువగా వచ్చేది. వస్తే శవమై వచ్చేది.

మా ఇంటి ఓనరావిడ భర్త పోయిన మనిషి. గేదెలను పెట్టుకుని పాలు పోసేది. నేను మొదట్లో అందరిలాగే ఓనరమ్మా అన్నాను. "గట్ల పిలుస్తే నేనేదో సేటమ్మ లెక్క ఉంటది బిడ్డా" అంది. అప్పట్నించి పిన్నిగారూ అన్నాను. ఆవిడకి ఒక్కతే కూతురు. మియాపూర్‌లో ఇచ్చారు. అల్లుడికి నీళ్ల ట్యాంకర్లు ఉండేవి. ఎక్కడ చూసినా ఇళ్లు లేస్తున్న రోజులు, నీళ్లకు కరువు, అతనికి తీరిక ఉండేది కాదు.

ఆ అమ్మాయి ఇంటర్ చదివింది. మియాపూర్ చౌరస్తాలో కంప్యూటర్ కోర్సులు నేర్పే సంస్థలో రిసెప్షన్‌లో కూర్చునేది. వచ్చిన వాళ్లకు ఏ కోర్సు ఎన్ని నెలలో చెప్పడం, ఫోనెత్తడం, అంతే పని. కానీ ఆ పని గురించి చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగేది. ఆదివారం నాలుగేళ్ల పాపను చంకనేసుకుని వచ్చేది, నా గది గడప మీద కూర్చుని, "అక్కా, మా దగ్గర చదివినోళ్లు అప్పుడే బెంగళూరు పోయిన్రు తెలుసా" అని వాళ్ల ఘనత తనదే అన్నట్టు చెప్పేది.

ఒక ఆదివారం కుడిచేతి చూపుడువేలికి కట్టుతో వచ్చింది. పిన్నిగారు కొట్టంలో ఉన్నారు. పాప వాళ్లమ్మమ్మ వెనకే తిరుగుతోంది. అమ్మాయి నా పక్కన కూర్చుని కట్టు అంచు సర్దుకుంది. తర్వాత అడిగింది.

"అక్కా, మీ ఆఫీసుల అర్జీ ఇస్తే ఏమన్న అయితదా?"

"దేని గురించమ్మా?"

"ఫోన్ల నవ్విన." కట్టున్న వేలు చూపించింది. "ఫీజెంతని అడిగేటాయన ఏదో అన్నడు, నవ్వొచ్చింది. మా ఆయన ఎదురుంగ చాయ్ బండికాడ నిలవడి అద్దంలకెళ్లి చూస్తుండె. ఇంటికొచ్చినంక, ఏ వేలుతోని ఫోన్ దిప్పుతవ్ అన్నడు."

ఆ మాట ఆమె మామూలుగా చెప్పింది. నేనే తట్టుకోలేకపోయాను.

అప్పటికే రెండుసార్లు పుట్టింటికి వచ్చేసి ఉందట. రెండుసార్లూ కులపెద్దలు కూర్చున్నారు. మొగుడు ఒక దెబ్బ వేసినంత మాత్రాన తల్లిగారింట్లో కూర్చుంటే ఎట్లని అడిగారు. నచ్చచెప్పి తిరిగి పంపారు. పిన్నిగారు వాళ్లకు ఎదురు చెప్పలేకపోయారు. మగదిక్కు లేని ఇల్లు, పైగా అందరూ బంధువులే.

ఆ మరుసటి వారం నేను సెలవు పెట్టి తల్లీకూతుళ్లను స్త్రీల కేసులు చూసే పోలీసు స్టేషన్‌కి తీసుకెళ్లాను. అక్కడి అధికారిణి ఓపిగ్గా విన్నారు. భర్తను పిలిపించారు. అతను తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. చేతులు జోడించి నిలబడ్డాడు. కాసేపటికి ఏడ్చాడు కూడా. పొద్దున లేస్తే ట్యాంకర్ల పరేషాన్, డ్రైవర్లు సతాయిస్తారు, ఆ కోపం ఇంట్లో చూపించానని ఒప్పుకున్నాడు. ఇకమీదట చెయ్యెత్తనని కాగితం మీద రాసిచ్చాడు. మరి ఆమె కూడా ఇంటి పరువు చూసుకోవాలి కదా మేడం అన్నాడు. ఆమె ఉద్యోగం మానెయ్యాలనేది అలా రాజీలో ఒక మాటగా చేరిపోయింది.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ఏడ్చిండు గదక్కా. ఇగ మంచిగనే ఉంటడేమో."

పిన్నిగారు కొంగుతో ముఖం తుడుచుకుని, "పో బిడ్డా" అన్నారు. ఆటో వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు ఆమె రావడం తగ్గింది. వచ్చినా గడప మీద కూర్చునేది కాదు. ఆయన వస్తడు, పోవాలె అని నిలబడే మాట్లాడేది.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నేను ఆఫీసుకి తొందరగా వెళ్లాను. కాసేపటికి పోలీసుల దగ్గర్నుంచి కాగితం వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడమనిషి అసహజంగా చనిపోతే శవపంచనామా పోలీసులు మాత్రమే చేయకూడదు, మేజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి చేయాలి. మా మండలంలో ఆ అధికారి మా ఎమ్మార్వో గారే. ఆయన ఉద్యోగ విరమణకు దగ్గర పడిన మనిషి, తక్కువ మాట్లాడేవారు. "ఆడమనిషి శవం. నువ్వు కూడా రామ్మా, రాసిపెడుదువు" అన్నారు. నేను అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు వెళ్లాను. కాగితాలూ, రాసుకునే అట్టా పట్టుకుని జీపెక్కాను. ఎవరి గురించో అడగలేదు.

దవాఖాన వెనక శవాల గది ముందు పిన్నిగారు నేల మీద కూర్చుని ఉన్నారు. వర్షం వెలిసిన మట్టి, ఆవిడ చీర సగం తడిసింది. నన్ను చూశారు. ముఖంలో ఏ మార్పూ లేదు. పక్కన అల్లుడి చిన్నాన్న నిలబడి ఉన్నాడు, ఆవిడ భుజానికి ఆనుకునేంత దగ్గరగా. నేను జీపు దగ్గరే ఆగిపోయాను. ఎమ్మార్వో గారు రెండడుగులు ముందుకు వెళ్లి, వెనక్కి తిరిగి, "ఏమ్మా?" అన్నారు.

"తెలిసిన వాళ్లండి" అన్నాను.

ఆయన నా ముఖం చూసి, "రాయగలవా, వేరే ఎవరినైనా పిలిపించనా?" అని అడిగారు. రాస్తానన్నాను. ఇంకెవరో రాయడం కన్నా నేను రాయడమే మేలనిపించింది.

లోపల శవాన్ని చూసింది నేనూ, అక్కడ పనిచేసే ఆయమ్మా. ఆడవాళ్ల సమక్షంలోనే బట్ట తీయాలి. మెడ మీద తాడు ఒరిపిడి ఉంది. దాని గురించి పోలీసులు ముందే చెప్పారు. వాళ్లు చెప్పనివి కూడా ఉన్నాయి. భుజాల కింద పాత కమిలిన మచ్చలు పసుపుపచ్చగా, ఆకుపచ్చగా మారి ఉన్నాయి. తల వెనక జుట్టులో ఒకచోట చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. చూపుడువేలు వంకరగానే అతుక్కుంది. నేను చూసిందల్లా గట్టిగా చెప్పాను, తలుపు దగ్గర నిలబడ్డ ఎమ్మార్వో గారు విని, "రాయి" అన్నారు. రాశాను. చదివేవాళ్లు ఒక్క మాటా దాటెయ్యకూడదని అక్షరాలు పెద్దవిగా రాశాను.

బయట ఎస్సై తన కాగితంలో కారణం ముందే రాసుకుని ఉన్నాడు. మృతురాలు కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, ఆ నొప్పి తాళలేక, జీవితంపై విరక్తి చెంది ఉరివేసుకున్నది. పంచులుగా, అంటే పంచనామా సాక్షులుగా, సంతకం పెట్టడానికి వచ్చిన పెద్దమనుషులంతా భర్త తరఫువాళ్లే. అవును సార్, కడుపునొప్పే సార్ అన్నారు. అందులో ఒకాయన, కులపంచాయితీలో ఆమెను తిరిగి పంపినాయన, కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత తల్లి వాంగ్మూలం.

ఎమ్మార్వో గారు ఆవిడ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అల్లుడి చిన్నాన్నను దూరంగా వెళ్లమన్నారు. అతను వెళ్లాడు, కానీ కనబడేంత దూరంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, మీ కూతురు చావు గురించి మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

పిన్నిగారు నేల చూస్తున్నారు.

"భయపడకండి. ఉన్నదున్నట్టు చెప్పండి."

"నాకెవ్వరి మీద అనుమానం లేదు సార్."

"అల్లుడు కొట్టేవాడా?"

"లేదు సార్. మంచిగ చూస్కునేటోడు."

నా కలం ఆగిపోయింది. ఆ రాజీకి తీసుకెళ్లింది నేను. ఆ వేలి కట్టు చూసింది నేను. పిన్నిగారు తలెత్తి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. ఎమ్మార్వో గారు నెమ్మదిగా, "ఆమె చెప్పింది రాయమ్మా" అన్నారు. రాశాను. ఆవిడ వేలిముద్ర వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయనకు అంతా చెప్పాను. స్టేషన్‌లో జరిగిన రాజీ, పుట్టింటికి రావడం, ఉద్యోగం మాన్పించడం.

"తల్లి చెప్పని మాట తల్లి చెప్పినట్టు నేను రాయలేను" అన్నారాయన. "కానీ నేను చూసింది రాయొచ్చు. ఆమె ఎవరికో భయపడుతూ మాట్లాడిందని నాకు అనిపించింది. అది రాస్తాను. పాత దెబ్బలు రాస్తాను. ఇది మామూలు ఆత్మహత్యగా ముగించదగ్గది కాదని పైకి పంపుతాను. ఆ పైన నా చేతిలో లేదు."

ఆయన అన్నమాట ప్రకారం రాశారు. అట్లా రాసే వాళ్లు ఎక్కువమంది ఉండరని నాకు తర్వాత తెలిసింది.

సాయంత్రం అంత్యక్రియలు ముగించుకుని పిన్నిగారు ఇంటికి వచ్చారు. గేదెలు పాలకు అరుస్తున్నాయి. ఆవిడ ఆ తడి బట్టలతోనే బకెట్ తీసుకుని పితకడానికి కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఆవిడే అన్నారు.

"పిల్ల వాళ్ల తాన ఉన్నది బిడ్డా."

నాకు అప్పటికి గాని అర్థం కాలేదు.

"పొద్దుగాల నేను పోంగనే వాళ్ల చిన్నాయన జెప్పిండు. నువ్వు అల్లుని మీద ఒక్క మాటన్నవనుకో, మనుమరాలి మొఖం ఈ జన్మల చూడవన్నడు. దాన్ని లోపటి అర్రల పెట్టి తలుపేసిన్రు. ఏడుస్తుంటే ఇనవడ్డది." పాలధార ఆగింది. "నా బిడ్డ ఎట్లనో పోయింది. ఇది గూడ ఆ ఇంట్లనే పెరిగితే? నేనేం జెయ్యాలె? నువ్వే జెప్పు."

ఆవిడ చేతిలోంచి బకెట్ అందుకున్నాను.

ఆవిడ ఆ ఇంటికి రోజూ వెళ్లొచ్చారు. దినాలకు వంటలో సాయం చేశారు. కూతుర్ని చంపాడని తాననుకుంటున్న మనిషికి అన్నం వడ్డించారు. ఆ సంగతి చెబుతూ, "ఇంకింత పెట్టుమన్నడు, పెట్టిన" అన్నారు. పెద్దకర్మ అయ్యాక, పిల్ల తల్లికోసం బెంగటిల్లింది, జర కొన్ని దినాలు తోలుకపోత అని అడిగారు. వాంగ్మూలం వాళ్లకు అనుకూలంగా ఇచ్చిన మనిషి. అనుమానం రాలేదు. పంపారు. ఆవిడ పాపను బస్సులో తీసుకురాలేదు. ఆటో మాట్లాడుకుని, మధ్యలో ఎక్కడా ఆగకుండా, వెనక్కి చూసుకుంటూ వచ్చారట.

పాప మొదటి వారం మాట్లాడలేదు. తర్వాత దూడతో మాట్లాడింది. తర్వాత నాతో. ఒక సాయంత్రం నా గదిలో బొమ్మను నేల మీద పడుకోబెట్టి ఆడుకుంటోంది. పిన్నిగారు గడప దగ్గర బియ్యం ఏరుతున్నారు. పాప బొమ్మను రెండు చంకల కింద పట్టుకుని పైకి లేపింది.

"ఏం చేస్తున్నావు తల్లీ?" అన్నాను.

"అమ్మ కింద పండుకుంటే నాన్న గిట్ల లేపిండు" అంది. "అమ్మ లేస్తలేదు. నాన్న కుర్చీ ఎక్కిండు."

పిన్నిగారి చేతిలో చాట జారి బియ్యమంతా చెల్లాచెదురైంది. ఆవిడ లేచి వచ్చి పాప నోటి మీద చెయ్యి పెట్టి, ఒళ్లోకి లాక్కుని, ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టారు. ఏడుపు లేదు. కాసేపటికి నాతో అన్నారు. "నువ్వు ఇన్నవ్, నేనిన్న. మూడోళ్లు ఇనొద్దు. ఈ పోరిని ఎవ్వరు ఈ మాట మల్ల అడగొద్దు. ఒట్టెయ్యి."

నాకు ఆ ఒట్టు తప్పనిపించింది. ఆ మాటే అసలు సాక్ష్యం కదా పిన్నిగారూ అన్నాను. "సాక్ష్యం గాదు, నాలుగేండ్ల పిల్ల" అన్నారు. ఒట్టేశాను.

ఆ చలికాలంలో కలెక్టరేట్‌లో ఒక సమీక్ష పెట్టారు. జిల్లాలో అసహజంగా చనిపోయిన ఆడవాళ్ల ఫైళ్లన్నీ తెప్పించి, ఒక్కొక్కటీ చూసి, ఏది సరిగా దర్యాప్తు జరిగింది, ఏది జరగలేదు అని తేల్చడానికి. పొడవాటి బల్ల. ఒక పెద్ద అధికారి, ఒక పోలీసు అధికారి, ఒక డాక్టరు, ప్రభుత్వ వకీలు, ఆడవాళ్ల తరఫున ఒక కాలేజీ లెక్చరరు. మా మండలం ఫైళ్లు పట్టుకుని ఎమ్మార్వో గారి వెనక నేను కూర్చున్నాను.

ఒక్కో ఫైలు చదవడానికి చాయ్ తాగినంత సేపు కూడా పట్టడం లేదు. కడుపునొప్పి తాళలేక. ప్రమాదవశాత్తు స్టవ్ అంటుకుని. కడుపునొప్పి తాళలేక. నీళ్లు చేదుతూ కాలుజారి బావిలో పడి. కడుపునొప్పి తాళలేక. చదివే గుమాస్తా గొంతులో ఒక వరస వచ్చేసింది. లెక్చరరుగారు చేతిలో కలం కింద పెట్టారు.

"డాక్టరుగారూ, ఒక సందేహమండి" అన్నారు. "మన జిల్లాలో పెళ్లయిన ఆడపిల్లలకే ఇంత కడుపునొప్పి ఎందుకొస్తోందంటారు? ఒక్కరికైనా ముందు ఎక్కడైనా చూపించుకున్న చీటీ ఉందా?"

డాక్టరు తల అడ్డంగా ఊపారు. గుమాస్తా తర్వాతి ఫైలు తీశాడు, అది మాది.

ఎమ్మార్వో గారి నివేదిక చదివాక ఆ గదిలో మొదటిసారి ఒక ఫైలు చేతులు మారింది. డాక్టరు పోస్టుమార్టం రిపోర్టు అడిగి తీసుకుని రెండుసార్లు చదివారు. తల వెనక దెబ్బ గురించి ఒక వాక్యం ఉంది, అది ఎలా తగిలిందో మాత్రం లేదు. ఉరిలో అక్కడ దెబ్బ తగలదు, పడిపోతే తప్ప అన్నారాయన. పోలీసు అధికారి, శవాన్ని దింపేటప్పుడు తగిలి ఉండొచ్చన్నారు. లెక్చరరుగారు, తల్లిని పిలిపించండి అన్నారు.

ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది నేనే. పిన్నిగారు రాత్రి వంట మానేశారు. పాప నా దగ్గర తింది. తెల్లారి ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, "పోదాం పా" అన్నారు. పాపను పక్కింటావిడ దగ్గర పెట్టి, తలుపుకి బయట్నించి తాళం వేయించారు.

బల్ల ముందు ఆవిడ కూర్చోలేదు. కుర్చీ చూపిస్తే దాని వెనక నిలబడి పట్టుకున్నారు.

"ఆ దినం నేను జెప్పింది అబద్ధం సార్. నా బిడ్డను కొట్టేటోడు. వేలు ఇరగ్గొట్టిండు. నా బిడ్డకు కడుపునొప్పి లేదు, ఏం లేదు."

ప్రభుత్వ వకీలు చెడ్డ మనిషి కాదు. జాలిగానే మాట్లాడాడు. "అమ్మా, ఇదే మాట ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు పిల్ల వాళ్ల తాన ఉండె. ఇప్పుడు నా తాన ఉన్నది. గంతే సార్."

"కోర్టులో అవతలి వకీలు మీ వేలిముద్ర చూపించి, రెండు మాటల్లో ఏది నిజమని అడుగుతాడు. పిల్లను దక్కించుకోవడానికే ఇప్పుడు అబద్ధం ఆడుతున్నావంటాడు. నిలబడదమ్మా."

"నాకెర్క లేదు సార్. నిజమైతే ఇదే."

లెక్చరరుగారు అడిగారు. "ఇంట్లో ఆ సమయానికి ఇంకెవరైనా ఉన్నారా? చూసిన వాళ్లెవరైనా ఉన్నారా?"

నేను గోడవారగా కూర్చుని ఉన్నాను. పిన్నిగారు నా వైపు చూడలేదు.

"ఎవ్వరు చూడలే మేడం."

సమీక్ష కమిటీ తిరిగి దర్యాప్తు చేయాలని సిఫారసు చేసింది. అన్ని ఫైళ్లలో అలా తిరిగి తెరిచినవి తక్కువ. మాది అందులో ఒకటి. అల్లుడిని అరెస్టు చేశారు. కొన్ని వారాలకే బెయిలు మీద వచ్చాడు. వచ్చిన మర్నాడే కులపెద్దలిద్దరిని వెంటబెట్టుకుని మా గేటు ముందు నిలబడ్డాడు.

పగలు పదకొండు గంటలు, ఆదివారం. నేను ఇంట్లోనే ఉన్నాను. అతను చిక్కిపోయాడు. చేతిలో ఒక సంచి, అందులో పాప గౌన్లు, చెప్పులు. గొంతు లేపలేదు.

"అత్తమ్మా, నా బిడ్డను నేను తీస్కపోత. నువ్వు నా మీద కేసు పెట్టినవ్, పెట్టుకో. పిల్లకు తండ్రిని నేను. నా తానే ఉండాలె."

పిన్నిగారు గేటు గొళ్లెం మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డారు. అప్పుడే పాప వాకిట్లోకి వచ్చింది. నాన్నను చూసింది. నాన్నా అంటూ పరుగెత్తింది. గేటు సందులోంచి చెయ్యి పెడితే అతను ఆ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. పాప తలుపు తియ్యి అమ్మమ్మా, నాన్నొచ్చిండు అంది. పిన్నిగారి ముఖం ఆ క్షణంలో ఎలా ఉందో నేను ఇవాళ్టికీ రాయలేను. శవాల గది ముందు కూడా అలా లేదు.

పెద్దల్లో ఒకాయన, "పిల్ల మనసు జూడు చెల్లే, గిట్ల అడ్డం నిలవడుతవా?" అన్నాడు.

"కోర్టు జెప్పాలె" అన్నారు పిన్నిగారు. "నువ్వు జెప్తే ఒకపాలి ఇన్న. నా బిడ్డను తోలిన. ఇగ ఇనను."

నేను పాపను ఎత్తుకున్నాను. అది నా చేతుల్లో గింజుకుంది, నా భుజం కొరికింది. వాళ్లు వెళ్లేదాకా ఏడుస్తూనే ఉంది. ఆ సాయంత్రం అమ్మమ్మ పెట్టిన అన్నం ముట్టలేదు.

మర్నాడు నేను లెక్చరరుగారి కాలేజీకి వెళ్లాను. ఆవిడకు తెలిసిన వకీలు ఒకాయన డబ్బు అడక్కుండా కేసు తీసుకున్నాడు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలనే విషయంలో కోర్టు ఇచ్చిన మాట చిన్నదే. తండ్రి మీద భార్య చావు కేసు నడుస్తోంది కాబట్టి, అది తేలేదాకా పాప అమ్మమ్మ దగ్గరే ఉండాలి.

కోర్టు బయట చెట్టు కింద వకీలు ఆ సంగతి వివరించి చెప్పాడు. పిన్నిగారు విని, ఒకటే అడిగారు.

"కేసు ఎప్పుడు తేలుతది సారూ?"

"ఏళ్లు పడుతుందమ్మా. మన కోర్టుల సంగతి తెలుసు కదా. ఓపిక పట్టాలి."

"తేలితే మనం గెలుస్తమా?"

ఆయన కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. "చెప్పలేనమ్మా."

ఇంటికి వచ్చే దారిలో మూసాపేటలో బస్సు ఆగి ఉండగా అన్నారు. "తేలకుంటనే మంచిది బిడ్డా."

ఆ తర్వాత ఆవిడ ఆ కేసుకు వెళ్లిన తీరు నేను ఇంకెక్కడా చూడలేదు. న్యాయం కోసం వచ్చిన వాళ్లంతా వాయిదా అనగానే ఉసూరుమంటారు. పిన్నిగారు తెల్లవారకముందే పాలు పోసి, బస్సులు మారి కోర్టుకు వెళ్లేవారు. జడ్జిగారు సెలవని తెలిస్తే కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేవారు. అవతలి సాక్షి రాలేదని వాయిదా పడితే వచ్చేటప్పుడు పాపకు జామకాయలు కొనుక్కొచ్చేవారు. కూతుర్ని చంపినవాడికి శిక్ష పడాలని కోరుకునే హక్కును ఆవిడ అలా వాయిదా వాయిదాకీ వదులుకున్నారు. ఒకసారి మాత్రం, పొయ్యి ముందు కూర్చుని, నా వైపు తిరగకుండా అన్నారు. "నా బిడ్డ నన్ను చూస్తే ఏమనుకుంటది? నా పానం పోయిందాని మీద అమ్మ సంబురపడుతున్నదనుకోదా?" అలా అనుకోదు పిన్నిగారూ అన్నాను. ఆవిడ నమ్మలేదు.

మధ్యలో నాకు బదిలీ అయ్యింది. అయినా సెలవు రోజుల్లో వచ్చేదాన్ని. పాప బడిలో చేరింది. ఆ బొమ్మాట మళ్లీ ఆడలేదు. తండ్రి గురించి అడగడం కూడా నెమ్మదిగా మానేసింది. అది మరిచిపోవడమో, దాచుకోవడమో మా ఇద్దరికీ తెలియలేదు. అడిగే ధైర్యం మాకు లేదు.

తీర్పు చివరికి వచ్చింది. వకీలు ముందే చెప్పినట్టే జరిగింది. బోనులో నిలబడిన పిన్నిగారికి అవతలి వకీలు వేలిముద్ర చూపించాడు, రెండు మాటల్లో ఏది నిజమన్నాడు. పంచులు కడుపునొప్పే అన్నారు. స్టేషన్‌లో అతను రాసిచ్చిన కాగితం దొరకలేదు, నేను చూసింది వేలి కట్టునే గాని కొట్టడం కాదన్నారు. కేసు కొట్టేశారు.

ఆ రోజు నేను కోర్టులోనే ఉన్నాను. పిన్నిగారు ఏడవలేదు. గుమ్మం వైపే చూస్తున్నారు, పిల్ల కోసం అతను ఇప్పుడే వస్తాడని. అతను మావైపు చూడకుండా వెళ్లి, వరండాలో నిలబడ్డ ఒక చిన్న వయసు ఆడమనిషితో, పద అన్నాడు. మెడలో కొత్త పుస్తెలతాడు. అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడని మాకు అప్పుడే తెలిసింది. అతను స్కూటర్ తేవడానికి వెళ్లాడు.

పిన్నిగారు నా చెయ్యి విడిపించుకుని ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లారు. నేను వెనకే వెళ్లాను, ఏం చేస్తారో అని భయపడి.

"బిడ్డా" అన్నారు. "నేనెవరో నీకెర్కనే. కొండాపూర్ల మా ఇల్లు. పాలామె ఇల్లంటే ఎవలన్న చూపిస్తరు. నీకు ఎప్పుడన్న పరేషాన్ అయితే రా. పగలైనా, రాత్రైనా. నిన్ను నేను వాపసు తోలను."

ఆ అమ్మాయి భయంగా గేటు వైపు చూసింది. "నాకేం పరేషాన్ లేదు" అని, కొంగు సర్దుకుని, స్కూటర్ దగ్గరకు గబగబా వెళ్లిపోయింది.

అతను పిల్ల కోసం మళ్లీ రాలేదు. కొత్త కాపురంలో అడ్డమనుకున్నాడో, మరేమిటో. పాప అమ్మమ్మ దగ్గరే పెరిగింది. గెలిచామని ఎవరూ అనలేదు. ఆ అమ్మాయి కూడా ఎప్పుడూ రాలేదు. కొన్నాళ్లపాటు పిన్నిగారు మియాపూర్ వైపు నుంచి పాలకొచ్చే వాళ్లనల్లా, ఆ ట్యాంకర్ల ఇంట్ల కొత్త కోడలు మంచిగున్నదా, మీకేమన్న కనవడ్డదా అని అడుగుతూనే ఉండేవారు. కనబడిందని ఒకరూ చెప్పలేదు.